గేటు దగ్గర లోడరు

జగదాంబ జంక్షన్ దిగువన
పాత థియేటర్లో టికెట్లు చింపుతాను.
రోజుకి నాలుగాటలు, నాలుగు యుద్ధాలు.
తలుపు సందులోంచి చూస్తాను
ఒక్కో ఆటలో ఒక్కో ముక్క.
క్లైమాక్సులో ఇప్పటికి ముప్పైసార్లు గెలిచాం.

ఆపరేటర్ పైడిరాజు టీ గ్లాసుతో మెట్లు దిగొచ్చి
"ఏటి తాతా, నిజంగా ఇలాగే ఉంటాదా?" అన్నాడు.

లోపల ఇంత వెలుతురెక్కడిదిరా నాయనా!
హీరో తలకి ఏమీ లేకుండా మాట్లాడతాడు, వెనకాల వయొలిన్లు.
ఇంజను నడుస్తుంటే పక్కవాడి అరుపు
పెదాల కదలిక, అంతే.
చొక్కా చూడు, ఇస్త్రీ మడతైనా పోలేదు.
కాల్చిన గుండు డొల్ల సెగలు కక్కుతూ వచ్చి పిక్క మీద పడితే
ఇలవేల్పు పేరు తరవాత, బూతు ముందొస్తుంది.
కిందికి దిగే వీల్లేని రోజున
ఆ డొల్లలోనే పని కానిచ్చేవాళ్ళం.
సినిమాలో మూడు గంటలూ ఎవడికీ ఒంటికి రాదు.

అన్నిటికంటె ఆ కుర్రాడి చెయ్యి.
గుండు లోపలికి తోసేవాడు, నా వేషం వేసినవాడు,
అరచేత్తో తోస్తున్నాడు, పూరీ పిండి నొక్కినట్టు.
బ్రీచి తలుపు పక్కనించి జారి ఠక్కున మూసుకుంటుంది,
దానికి నీ వేళ్ళతో చుట్టరికం లేదు.
పిడికిలి బిగించి తోయాలి.
ఉస్తాదు అది మాకు కర్రతో నేర్పాడు.
ఇప్పటికీ ఏ తలుపైనా నాకు పిడికిలే,
బ్యాంకు తలుపు, బాత్రూం తలుపు,
కేజీహెచ్‌లో మా ఆవిడ ఉన్న వార్డు తలుపు.

"నువ్వు చూసిన యుద్ధం చెప్పు" అంటాడు పైడిరాజు.
ఏం చూశాను?
లోడరుకి యుద్ధం కనబడదు.
తెల్లరంగు ఉక్కు గోడ, ఇత్తడి గుండ్లు,
గన్నరు వీపు మీద చెమట మరక.
ఆ మరక గీసి చూపించమంటే ఇప్పుడే గీస్తాను.
ఎన్ని టాంకులు కాలాయో తరవాతెప్పుడో చెబితే విన్నాను.
శత్రువు మొహం మొదటిసారి ఈ తెర మీదే చూశాను.
మీసాలు మరీ ఎక్కువ పెట్టారు.

తెర మీద డ్రైవరు చచ్చిపోవడానికి ఒక రీలు పడుతుంది.
తల్లికి, దేశానికి, ఎవరో అమ్మాయికి
వరసగా మాట చెప్పి పోతాడు.
మా డ్రైవరు చెల్లదురై, తిరునెల్వేలివాడు,
పొద్దున్నే చక్కెర డబ్బా ఎవడు ఖాళీ చేశాడని తగువాడాడు.
తరవాత హెడ్‌సెట్లో సాబ్ గొంతు: రివర్స్, రివర్స్.
ఇంజను నడుస్తూనే ఉంది.
టాంకు కదల్లేదు.
అంతే. డైలాగు లేదు.
చక్కెర తిన్నది నేనే.

బీచ్ రోడ్డులో ఒక టాంకుని నిలబెట్టారు.
పొద్దున్నే దాని దాకా నడుస్తాను.
మూతలకి వెల్డింగు. ఉప్పుగాలికి పెచ్చులూడితే మళ్ళీ రంగు.
పిల్లలు గొట్టానికి వేలాడి ఫొటోలు దిగుతారు.
లోడరు నిలబడే వైపు చేరి
బయటి రేకు మీద కాసేపు చెయ్యేసి ఉంచుతాను.
చల్లగా ఉంటుంది.
ఇదీ సినిమాయే.

నిన్న సెకండ్ షో, సరిగ్గా పెద్ద దాడి మధ్యలో
కరెంటు పోయింది.
ఏసీ ఆగింది. తలుపులన్నీ మూసున్నాయి.
వెనక జనరేటరు దగ్గి దగ్గి అందుకోలేక
పొగంతా హాల్లోకి ఊదింది.
చీకట్లో మూడొందలమంది
ఉడికిపోతూ, డీజిలు పీలుస్తూ,
ఒకరి కేక ఒకరికి అందకుండా అరుస్తున్నారు.
ఎవరికీ ఏమీ కనబడ్డం లేదు.
నా కుడిచెయ్యి దానంతటదే బిగుసుకుంది.

పైడిరాజు టార్చితో పరిగెత్తుకొచ్చాడు.
"ఇదిగోరా, ఇప్పుడొచ్చింది. ఇలాగే ఉంటాది."
వాడికి వినబడలేదు.
"ఏటీ?" అన్నాడు.

పిడికిలితో ఎగ్జిట్ తలుపు తోశాను.
సముద్రం వైపునించి గాలి, దాంతో చేపల లారీ వాసన.
జనం ఒక్కసారిగా బయటపడి
డబ్బులు వాపసిమ్మని
నా చొక్కా పట్టుకున్నారు.